గిటారు పట్టిన పిల్లవానికి స్వరలిపి వలదా?

బెంగుళూరు, చెన్నై, ముంబయి నగరములలో తరతరములుగ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో వీణయు హార్మోనియమును ఉన్న గదులలోనికి కొంతకాలముగ గిటారు గూడ ప్రవేశించినది. అదియును మెల్లగ మీటు గిటారు కాదు. విద్యుచ్ఛక్తితో గర్జించు హెవీ మెటల్ గిటారు. 2007 మార్చి 17వ తేదీన ఐరన్ మెయిడెన్ బృందమువారు బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో వాయించినపుడును, 2011 అక్టోబరు 30వ తేదీన మెటాలికావారు అచటనే వాయించినపుడును, నిలుచుండి వినిన జనములో మన యిండ్ల బిడ్డలకు కొదవ లేదు. ఈ సంగీతమును దూషించుటకు నేను కలము పట్టలేదు. దూషించువారు వేరుగ నున్నారు; వారితోను నాకు తగవు కలదు, దానిని తరువాత తీర్చుకొందును. నా మొదటి తగవు "మెటల్ వాయించువానికి నొటేషనుతో పనియేమి?" అని పెదవి విరచు గురువులతోను, ఆ మాట విని ఊరకుండు తల్లిదండ్రులతోను.

నొటేషను అనగా ఇచట పాశ్చాత్యులు ఐదు గీతలపై చుక్కలుంచి వ్రాయు స్వరలిపి. మన గిటారు పిల్లలలో పెక్కుమంది దానిని చదువలేరు. వారు చదువునది ట్యాబ్ అను మరియొక వ్రాత. అందు ఆరు గీతలుండును. గీత కొక తంత్రి. గీతపై నున్న అంకె ఆ తంత్రిని ఎన్నవ మెట్టున నొక్కవలయునో చెప్పును. అంతకు మించి చెప్పదు. ఏ స్వరము పలికినదో, అది యెంతకాలము నిలువవలయునో, తాళములో నెచట పడవలయునో దానికి తెలియదు. ఫలానా వీధిలో ఐదవ యిల్లు అని దారి చూపునే గాని, ఆ యింట నెవరున్నారో చెప్పజాలని బంట్రోతు వంటిది ట్యాబ్.

ఇందులకు ఒక్క ఉదాహరణ చాలును. గిటారుపై మొదటి తంత్రిని నొక్కక మీటిన నొక స్వరము పలుకును. పాశ్చాత్యులు దానిని 'ఇ' యందురు. అదే స్వరము, అదే స్థాయిలో, రెండవ తంత్రి 5వ మెట్టునను, మూడవ తంత్రి 9వ మెట్టునను, నాల్గవ తంత్రి 14వ మెట్టునను, ఐదవ తంత్రి 19వ మెట్టునను, మెట్లు 24 ఉన్న గిటారైనచో ఆరవ తంత్రి 24వ మెట్టునను పలుకును. లిపి చదువు వానికి అది ఒక్క చుక్క. ట్యాబ్ చదువు వానికి అవి ఆరు వేరు వేరు అంకెలు. అవి ఒకే స్వరమని వానికి చెప్పు వారెవరును లేరు. సంవత్సరములు గడచిన పిదప వాని వ్రేళ్ళు వేగము నేర్చును. "ఇపుడు నీవు వాయించిన స్వరమేది?" అని యడిగినచో మాత్రము గిటారువైపు చూచును గాని సమాధానము రాదు.

నిరుడు ఒక తెలుగు సమాజపు ఉగాది ఉత్సవమునకు ముగ్గురు పిల్లలు కలిసి ఒక కీర్తన వాయింపబూనిరి. వీణ పట్టిన అమ్మాయి "ఇచట అంతరగాంధారము" అన్నది. కీబోర్డు ముందున్న కుర్రవాడు "ఇ" అన్నాడు. గిటారు కుర్రవాడు "రెండవ తంత్రి, ఐదవ మెట్టు" అన్నాడు. ముగ్గురును చెప్పినది ఒక్కటే. మొదటి యిద్దరును షడ్జమును 'సి'పై నుంచుకొని నిమిషములో నొకరినొకరు తెలిసికొనిరి. మూడవవాని మాట మిగిలిన యిద్దరికిని పనికిరాలేదు, వారి మాట వానికి పనికిరాలేదు. వాడు మందబుద్ధియా? కాదు. ముగ్గురిలో వాని చేయియే చురుకైనది. వానికి నాలుగేండ్లు నేర్పిన గురువు స్వరముల పేర్లు మాత్రము నేర్పలేదు.

ట్యాబ్ నిన్న మొన్న సోమరులు కల్పించిన వ్రాత కాదని ప్రతిపక్షులు చెప్పుదురు. నిజమే. 1507లో వెనిసు నగరమున పెట్రూచి ముద్రించిన ల్యూటు పుస్తకములే ఆ పద్ధతిని నడచినవి. 1674లో స్పెయిను దేశపు గాస్పార్ సాంజ్ తన గిటారు గ్రంథమును అట్లే వెలువరించెను. అయితే ఆ చరిత్రను సగము చెప్పి విడువరాదు. ఆ పాత ట్యాబ్‌లో అంకెలపైన కాలప్రమాణము దెలుపు గుర్తులుండెడివి. నేడు కంప్యూటరులో ఉచితముగ దొరకు ట్యాబ్ పెక్కుచోట్ల వానిని గూడ పోగొట్టుకొన్నది. మరియు గిటారువారే పదునెనిమిదవ శతాబ్దము చివరకు ఆ వ్రాతను విడిచి, వయొలిను వారును పియానో వారును చదువు ఐదు గీతల లిపికి వచ్చిరి. ఫెర్నాండో సోర్ తన గిటారు కృతులను ఆ లిపిలోనే వ్రాసెను. తాతలు దాటివచ్చిన యేటిని మనుమలు వెనుకకు ఈదుచున్నారు!

పుటపై ఏ తంత్రిని మీటవలయునో తెలియదను ఆక్షేపణ యొకటి కలదు. చుక్క ప్రక్క వలయములో అంకె వేసి తంత్రిని సూచించు పద్ధతి ఆ లిపిలో నున్నది. అంకె లేనిచోట ఏ తంత్రిపై పలికించిన నాదము బాగుండునో వాయించువాడే ఆలోచించుకొనవలయును. ఆ ఆలోచననే విద్య యందురు. అచ్చైన మెటల్ పుస్తకములలో సాధారణముగ పైన ఐదు గీతల లిపియు, దాని క్రింద ట్యాబును రెండును ఉండును. పుస్తకమునకు వెల పూర్తిగ చెల్లించి సగము పుట మాత్రమే చదువుచున్న పాఠకులను నేను మరియెచటను చూడలేదు.

ఇక బ్రహ్మాస్త్రమువలె ప్రయోగించు వాదము: "జిమీ హెండ్రిక్స్‌కు నొటేషను వచ్చునా? ఎడ్డీ వాన్ హేలెన్‌కు వచ్చునా?" రాదు. వాన్ హేలెన్ చిన్ననాట పియానో పాఠములను గూడ చెవితోనే పట్టెనని ప్రసిద్ధి. అయిన నేమి? అక్షరము రాని యోగి యొకడు గొప్ప తత్త్వములు పాడెనని మనము బిడ్డలను బడి మాన్పింతుమా? ఆ మహానుభావులకు లేని దానిని అనుకరించుట సులభము. వారికున్న చెవిని అనుకరించుట దుర్లభము. చెవితో పట్టువాడు ట్యాబును గూడ చూడడు. మన పిల్లవాడు చెవితోను పట్టడు, లిపితోను చదువడు. ఎవడో తప్పో ఒప్పో వ్రాసియుంచిన అంకెలను నమ్మి, హెండ్రిక్స్ పేరు చెప్పుకొనును. ఆ పేరు వాని కెట్లు చెల్లును?

మెటల్ చరిత్రలోనే చదువరులు లేరా? రాండీ రోడ్స్ తల్లి కాలిఫోర్నియాలో సంగీత పాఠశాల నడపినది. ఆతడు ఆజీ ఆస్బోర్న్ బృందములో ప్రఖ్యాతి గడించిన పిమ్మట గూడ, యాత్రలో పోయిన ఊరనెల్ల శాస్త్రీయ గిటారు గురువును వెదకి పాఠము చెప్పించుకొనెడివాడు. 1982 మార్చి 19న విమాన ప్రమాదములో మరణించునాటికి ఆతని వయస్సు 25 సంవత్సరములు. స్టీవ్ వాయ్ ఇరువదియేండ్ల ప్రాయమున ఫ్రాంక్ జాపా గిటారు వాదనమును విని, ఊపిరి తిరుగని ఆ లయలన్నిటిని స్వరలిపిలో నెక్కించెను. అది 1982లో పుస్తకముగ వెలువడినది. ఆతని బ్రతుకుతెరువు మొదట ఆ చదువే, గిటారు తరువాత. డ్రీం థియేటర్ బృందమును ప్రారంభించినవారు 1985లో బోస్టను నగరపు బర్క్‌లీ సంగీత కళాశాల విద్యార్థులు. వారు 1999లో రచించిన ఒక వాద్యగీతములో తాళము వందకు పైగా మారులు మారును. దానిని అంకెలతో నేర్చుకొందునను వానికి నమస్కారము.

జేసన్ బెకర్ కథను మన పిల్లలకు తప్పక చెప్పవలయును. ఇరువదియేండ్లయిన నిండకమునుపే మెటల్ గిటారులో మేటి యనిపించుకొనిన ఆ యువకునికి నరములను క్షీణింపజేయు ఏ.ఎల్.ఎస్. వ్యాధి సోకినది. చేతులు పోయినవి, మాట పోయినది. తండ్రి కల్పించిన పద్ధతిలో కనుచూపుతో అక్షరము వెంట అక్షరము చూపుచు ఆతడు సంగీతరచన కొనసాగించెను. 2018లో గూడ ఆతని రచనల సంపుటి యొకటి వెలువడినది. వ్రేళ్ళు లేని వానికి మెట్టుల అంకెలతో నేమి ప్రయోజనము? ఆతనికి మిగిలినది స్వరము పేరు, దాని కాలము, అది ఏ స్వరముతో కలిసి మ్రోగవలయునను జ్ఞానము. అది చేతిలో గాక తలలో నుండినందుననే మిగిలినది.

ఇంకొక కథ కాగితమునకు సంబంధించినది. 1969 సెప్టెంబరు 24న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో డీప్ పర్పుల్ బృందము రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో కలిసి ఒక పెద్ద రచనను వినిపించినది. దానిని వ్రాసినవాడు ఆ బృందపు ఆర్గను వాదకుడు జాన్ లార్డ్. మరుసటి సంవత్సరము ఆ వ్రాతప్రతి పోయినది. ముప్పదియేండ్లకు మార్కో ద గూయ్ అను డచ్చి సంగీతజ్ఞుడు పాత రికార్డును మరల మరల విని, చలనచిత్రమును చూచి, ఒక్కొక్క వాద్యపు భాగమును తిరిగి కాగితముపై పెట్టెను. 1999లో ఆ రచన అదే హాలులో మరల మ్రోగినది. చెవియు లిపియు కలిసినచో నిట్టి పనులు జరుగును. అదే సంవత్సరము ఏప్రిలులో మెటాలికా శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి వాయించినపుడు వాద్యబృందపు భాగముల నెల్ల వ్రాసిపెట్టినవాడు మైకేల్ కేమన్. మెటాలికాకు కేమన్ దొరకెను. మన కుర్రవానికి ఎవరు దొరకుదురు? తపాలా కచేరి వరండాలో కూర్చుండి ఉత్తరములు వ్రాసిపెట్టు వాని యొద్ద నిలుచున్నట్లు, వాడు తన పాటను వ్రాయించుకొనుటకై ఎల్లకాలము ఇంకొకని గుమ్మమున నిలువవలసినదేనా?

"చదివి వాయించిన భావము చచ్చును" అనువారికి నేను దీర్ఘముగ సమాధానము చెప్పను. పద్యము చదువ నేర్చినవాడు పద్యమును అనుభవింపలేడని ఎవరైన నందురా?

ఇప్పుడు రెండవ తగవు. "అది సంగీతమా, రొద! దానికి లిపి యొకటా?" అని చేయి విసరు పెద్దలు మన సంఘములలో కలరు. అయ్యా, ఆ రొదను ఒక్క మారు స్వరముగ వినుడు. 1970 ఫిబ్రవరి 13న వెలువడిన బ్లాక్ సాబత్ తొలి రికార్డులో మొదటి పాటను నడుపునవి మూడు స్వరములు: షడ్జము, తారషడ్జము, ప్రతిమధ్యమము. పంచమము తగులకుండ ప్రతిమధ్యమముపై వచ్చి నిలుచుటలోనే ఆ భయమంతయు నున్నది. దానిని వాయించిన టోనీ అయోమీ బర్మింగుహాము కర్మాగారములో యంత్రమున పడి రెండు వ్రేళ్ళ కొనలు పోగొట్టుకొనిన కార్మికుడు. ప్లాస్టికు కరిగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొని వాయించెను. 1984లో ఇంగ్వే మాల్మ్‌స్టీన్ వినిపించిన గిటారులో మెరయు స్వరసంపుటి మనవారి కీరవాణి మేళపు స్వరములే. మెటల్ వారు ఫ్రిజియన్ అని మురియు వరుస మన హనుమతోడి స్వరస్థానములే. గమకము లేక రాగము కాదందురా? ఒప్పుకొందును. కాని స్వరమే లేని రొద యనుట మాత్రము వినక చెప్పిన మాట. బిడ్డ చేయుచున్నది రొద యని తీర్మానించి, ఆ తీర్మానము వెంట వానికి చదువు చెప్పింపక విడుచుట యింకను పెద్ద తప్పు.

గిటారు వాయించువాడు లిపి నేర్చిన నేమగునో చూడ దూరము పోనక్కరలేదు. ఇళయరాజా చెన్నైలో గిటారు వాదకుడై, జి.కె. వెంకటేశ్ వద్ద సహాయకుడై, ధన్‌రాజ్ మాస్టరు వద్ద పాశ్చాత్య లిపి నేర్చినవాడు. మన తెలుగు పాటలెన్నో ఆయన చేతివ్రాతతో ఐదు గీతలపై వయొలిను వారి ముందుకు వచ్చినవి. 2025 మార్చి 8న ఆయన వ్రాసిన సింఫనీని లండనులో అచటి వాద్యబృందము వాయించినది. ఆ వాద్యకారులకు తమిళము రాదు, తెలుగు రాదు. కాగితము వచ్చును.

"ఐదు గీతలలో గమకము పట్టదు, గిటారు తంత్రిని లాగి పలికించు మెలికయు పట్టదు" అందురు. ఏ లిపియు సంగీతమును పూర్తిగ పట్టదు. ఈ చర్చ మనకు క్రొత్తది గాదు. 1890 ప్రాంతమున మదరాసులో ఏ.ఎం. చిన్నస్వామి మొదలియారుగారు మన కీర్తనలను ఈ ఐదు గీతల లిపిలోనే అచ్చువేయ బూనిరి; సుబ్బరామ దీక్షితులవారిచేత పాడించుకొని వ్రాసికొనిరి. ఆయన ప్రోత్సాహము ఒక కారణముగ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున వెలువడినది. తమిళదేశపు నడిబొడ్డున, తెలుగు లిపిలో! గమకము లిపిలో పట్టదని దీక్షితులవారు చేతులు ముడుచుకొనలేదు. కంపితమునకు, జారునకు, నొక్కునకు గుర్తులు కల్పించి స్వరముల నెత్తిన పెట్టిరి. గిటారువారును అంతే చేసిరి: లాగుటకు బాణపు గుర్తు, అరచేతితో అణచి మీటుటకు వేరొక గుర్తు ఐదు గీతలపైననే కలవు. లిపిలో లోపమున్నచో గుర్తు చేర్చవలయును గాని లిపిని విడువరాదు.

ఇచట మన యింటి మాట యొకటి చెప్పక తప్పదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. ఆ భాషకది చాలును, లోపము కాదు. కాని త్యాగరాజ కీర్తనలను ఆ లిపిలో అచ్చువేయునపుడు పలుకు తెలియుటకై అక్షరములకు 2, 3, 4 అంకెలు తగిలింతురు. చెన్నైలోను, మధురలోను, కోయంబత్తూరులోను తెలుగు మాటలాడు ఇండ్లలో పుట్టిన బిడ్డలు తెలుగు కీర్తనను ఆ అంకెల సాయముతో కూడబలుకుచున్నారు. నోట తెలుగున్నది, కంట లేదు. చేత గిటారున్నది, కంట స్వరము లేదు. రెండింటను అంకెయే దిక్కు! తెలుగు సంగతికి మన సంఘములు ఆదివారపు తరగతులు పెట్టి కొంత పాటుపడుచున్నవి. గిటారు సంగతి మాత్రము పిల్లల చేష్ట యని విడిచిరి.

ఆ చదువు బ్రహ్మవిద్యయా యనిన, కాదు. స్వరలిపితో సరళీస్వరములు నేర్చిన బిడ్డకు సగము దారి అప్పుడే నడచినట్లు. మన షడ్జమును ఏ శ్రుతిలోనైన నుంచవచ్చును. ఐదు గీతల లిపిలో ప్రతి చుక్కయు ఒక్క నియత స్వరమునకే కట్టుబడి యుండును. ఈ భేదము నొక్కటి గ్రహించినచో మిగిలినది అభ్యాసమే. గిటారు స్వరములను పలుకు దానికన్న ఒక స్థాయి పైన వ్రాయుదురను చిన్న విషయమును మొదటి దినముననే చెప్పివేయవలయును. తాళములో మన బిడ్డ అచటి బిడ్డకన్న ముందున్నాడు. పాశ్చాత్య కుర్రవాడు ఏడు మాత్రల నడక అనగానే బెదరును. మిశ్రచాపు వేసిన చేతికి దానిలో వింత లేదు. ఈ మూలధనమును చేత నుంచుకొని అంకెలు ఎక్కబెట్టుచు కూర్చుండుట దరిద్రము గాక మరేమి?

గురువులమని బోర్డు కట్టిన వారిలో కొందరు "మూడు నెలలలో పది పాటలు" అని ప్రకటింతురు. పది పాటలు వచ్చును. పదునొకండవ పాటకు మరల వారి యొద్దకే పోవలయును. అదియే వారి వర్తకము. కొన్ని పరీక్షలలో చూచి చదువు భాగమును విడిచి దానికి మారు మరియొక భాగమును ఎన్నుకొను వీలు కలదు. గురువు ఆ వీలునే వెదకును, బిడ్డకు యోగ్యతాపత్రము వచ్చును, తండ్రి దానిని పటము కట్టించును. తండ్రులారా, పటము కట్టించుటకు ముందు ఎన్నడును చూడని ఒక పుటను బిడ్డ ముందుంచి నాలుగు పంక్తులు వాయింపుమని యడుగుడు. రుసుము చెల్లించునది మీరు. అడుగుట మీ హక్కు.

సంఘముల కార్యవర్గములవారికి నా కోరిక యొక్కటే. ఆదివారపు తరగతి నల్లబల్లపై ఒక ప్రక్క సరిగమలు, ఒక ప్రక్క ఐదు గీతలు వ్రాయింపుడు. వీణ పిల్లలను గిటారు పిల్లలను ఒక్క చాపపై కూర్చుండబెట్టుడు. మొదటి పాఠములకు ముత్తుస్వామి దీక్షితులవారి నోటుస్వరములకన్న తగినవి లేవు. ఇంగ్లీషు బ్యాండు మెట్టులపై ఆయన కట్టిన ఆ చిన్న కృతులు శంకరాభరణములో నున్నవి. షడ్జమును 'సి'పై నుంచి వ్రాసినచో ఐదు గీతలపై హెచ్చుతగ్గుల గుర్తులతో పనియే లేదు. అందు 'సంతతం పాహిమాం' ఇంగ్లీషువారి రాజగీతపు మెట్టు. మన కుర్రవాడు దానిని ట్యాబ్ లేక, పుట చూచి చదివి, పిదప తన పెడలు త్రొక్కి గర్జింపజేసిన దినమున ప్రక్కింటివారు కిటికీలు మూసికొందురేమో. మూసికొననిండు.